సముద్రం చేతిలో ఉంటే చాలా? నౌకాశక్తిగా ఆడేవారి అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కూర్చుని నౌకాయుద్ధం గురించి రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. మా మేడ ఎక్కితే శేషాచలం కొండలు కనిపిస్తాయి తప్ప సముద్రం కనిపించదు. అయినా కొన్నేళ్లుగా మా మిత్రబృందం ఆదివారం రాత్రుళ్లు యూరోపా యూనివర్సాలిస్ 4 అనే కంప్యూటర్ వ్యూహక్రీడ ఆడుతోంది. పాతకాలపు ఏదో ఒక రాజ్యాన్ని నడిపించే ఆట అది, అందులో పోర్చుగల్, ఇంగ్లండ్, వెనిస్ వంటి సముద్ర రాజ్యాలు తరచుగా నా వంతుకే వస్తాయి. కొత్తగా చేరినవారికి నౌకాదళం సంగతులు చెప్పేటప్పుడు ప్రతిసారీ అవే అపోహలు ఎదురవుతున్నాయి కనుక, వాటిని ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: సముద్రంలో ఒక్క పెద్ద యుద్ధం గెలిస్తే మొత్తం యుద్ధం గెలిచినట్టే.

ట్రఫాల్గర్ యుద్ధం 1805 అక్టోబరు 21న జరిగింది. బ్రిటిష్ నౌకాధిపతి నెల్సన్ 27 యుద్ధనౌకలతో, ఫ్రాన్స్, స్పెయిన్‌ల 33 నౌకలను ఎదుర్కొని, తనవైపు ఒక్క ఓడ కూడా కోల్పోకుండా గెలిచాడు. ఆ తరువాత ఆరు వారాలకే, డిసెంబరు 2న, నెపోలియన్ ఆస్టర్‌లిట్జ్ దగ్గర ఆస్ట్రియా, రష్యా సైన్యాలను చిత్తు చేశాడు. ట్రఫాల్గర్ వల్ల బ్రిటన్ మీద ఫ్రెంచి సైన్యం దిగే అవకాశం పోయిందే గాని, ఐరోపా నేల మీద నెపోలియన్‌కు ఏ అడ్డూ ఏర్పడలేదు. అతని పతనానికి ఇంకా పదేళ్లు పట్టింది. ఆటలోనూ ఇంతే. శత్రువు నౌకాదళం మొత్తాన్ని ముంచితే కొంత వార్‌స్కోర్ (యుద్ధంలో ఎవరిది పైచేయో చూపే లెక్క) వస్తుంది, అతని సైన్యం మన తీరానికి రాలేదు. అతని రాజధాని మాత్రం అతని చేతిలోనే ఉంటుంది.

లెపాంటో మరొక పాఠం చెబుతుంది. 1571 అక్టోబరు 7న స్పెయిన్, వెనిస్, పోప్‌ల కూటమి ఒట్టోమన్ నౌకాదళాన్ని దాదాపు తుడిచిపెట్టినా, ఏడాది తిరగకముందే ఒట్టోమన్లు కొత్త దళాన్ని నీళ్లలోకి దింపారు. చివరికి 1573లో సైప్రస్‌ను వదులుకున్నది గెలిచిన కూటమిలోని వెనిసే. కలప, ఖజానా, ఓడల నిర్మాణశాలలు చెక్కుచెదరకుండా ఉన్న రాజ్యానికి మునిగిన ఓడలు తిరిగి వస్తాయి. అనుభవం ఉన్న నావికులు మాత్రం అంత త్వరగా రారు. ఆటలో నావికుల సంఖ్యను వేరుగా లెక్కించేది ఇందుకే. డబ్బు దండిగా ఉండి, ఓడలు కట్టించి, వాటిని నడిపే నావికులు లేక రేవులోనే నిలిపిన ఆటగాళ్లను నేను చాలామందినే చూశాను.

అపోహ: ఎన్ని ఎక్కువ ఓడలు పంపితే అంత మంచిది.

శ్రీవారి దర్శనానికి వెళ్లినవారికి దీన్ని వివరించడం తేలిక. కంపార్ట్‌మెంట్లలో ఎన్ని వేలమంది కూర్చున్నా, ఒక క్షణంలో సన్నిధి ముందు నిలిచేది కొద్దిమందే. ఆటలోని నౌకాయుద్ధంలో కూడా ఒకేసారి పోరాడగల ఓడలకు పరిమితి ఉంటుంది, మిగిలినవి వెనుక వేచి ఉంటాయి. ముందున్న ఓడలు మునిగే కొద్దీ మిగిలినవాటి మనోబలం కూడా తగ్గుతుంది కనుక, పాతబడిన ఓడలతో వరుస నింపడం మేలు కన్నా కీడే చేస్తుంది. పైగా ఫోర్స్ లిమిట్, అంటే రాజ్యం పోషించగల ఓడల పరిమితి, దాటిన ప్రతి ఓడకూ ఖజానా అదనంగా చెల్లించాలి. తెడ్లతో నడిచే గ్యాలీ ఓడల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మధ్యధరా, బాల్టిక్ వంటి లోపలి సముద్రాల్లో చవకైన గ్యాలీలు అద్భుతంగా పనిచేస్తాయి గాని, అవే అట్లాంటిక్‌లోకి వెళితే హెవీ షిప్‌ల (పెద్ద ఫిరంగి నౌకల) ముందు నిలవలేవు. మొసలికి బలం నీళ్లలోనే అన్నది మనకు తెలిసిన మాటే, గ్యాలీకి ఏ నీళ్లన్నది కూడా చూడాలి.

అపోహ: ఓడలుంటే చాలు, రేవు సంగతి తరువాత చూసుకోవచ్చు.

ఓడిపోయిన నౌకాశక్తుల్లో ఎక్కువ భాగం ఓడలు తక్కువై ఓడలేదని, రేవులు లేక ఓడాయని నా అభిప్రాయం. దీనికి ఉదాహరణ వెతకడానికి ఐరోపా దాకా వెళ్లనక్కరలేదు, మన కోరమండల్ తీరం చాలు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ తీరం పొడవునా పెద్ద యుద్ధనౌకలకు సురక్షితమైన సహజ రేవు లేదు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం మొదలైతే, మద్రాసు ముందు లంగరు వేసిన ఏ నౌకాదళానికైనా ప్రమాదమే. 1746 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకాధిపతి లా బూర్దొనే తన ఓడల బలంతో మద్రాసును కొద్దిరోజుల్లోనే పట్టుకున్నాడు. అక్టోబరు మధ్యలో వచ్చిన తుఫాను అతని దళాన్ని ఛిన్నాభిన్నం చేసింది, ఏ శత్రువూ చేయలేని పనిని ఒక్క రాత్రి గాలి చేసింది. పన్నెండేళ్ల తరువాత, 1758 డిసెంబరులో, ఫ్రెంచి సేనాని లాలీ అదే మద్రాసును నేల మీద నుంచి ముట్టడించాడు. ఈసారి సముద్రం వైపు ఫ్రెంచి ఓడలు లేవు. 1759 ఫిబ్రవరిలో ఇంగ్లీషు ఓడలు అదనపు బలగాలతో కనిపించగానే ముట్టడి ఎత్తివేయక తప్పలేదు. తీరపు కోటను ముట్టడించేటప్పుడు దాని రేవును ఓడలతో దిగ్బంధించకపోతే ముట్టడి మందగించేలా ఆటలో నియమం పెట్టారు. ఆ నియమం అన్యాయమని వాదించేవారికి నేను ఈ రెండు సంఘటనలే చెబుతాను.

ఇక మన చిత్తూరు ప్రస్తావన. రెండో మైసూరు యుద్ధంలో హైదర్ అలీ కర్ణాటిక్ ప్రాంతమంతా (ఆర్కాటు నవాబు సీమ, నేటి కర్ణాటక కాదు) తన గుర్రపు దళంతో చుట్టేసినా, ఇంగ్లీషువారికి సముద్రం మీదుగా వచ్చే సాయాన్ని ఆపలేకపోయాడు. నేల మీద వాళ్లను నాశనం చేయగలను గాని సముద్రాన్ని ఎండగట్టలేను కదా అని ఆయన వాపోయినట్టు చెబుతారు. ఆయనకు ఆశగా మిగిలింది ఫ్రెంచి నౌకాధిపతి సఫ్రెన్. 1782, 1783 సంవత్సరాల్లో సఫ్రెన్ ఇంగ్లీషు నౌకాధిపతి హ్యూస్‌తో ఐదుసార్లు తలపడ్డాడు. ఒక్క యుద్ధమూ తేలలేదు. నన్ను అడిగితే ఆ ఐదు యుద్ధాల కన్నా, 1782 ఆగస్టు చివర సఫ్రెన్ ట్రింకోమలీని పట్టుకోవడమే గొప్ప పని, ఎందుకంటే దానితో అతనికి ఈ సముద్రంలో ఓడలు బాగు చేసుకునే చోటు దొరికింది. అప్పటిదాకా ఫ్రెంచివారి అసలైన రేవు ఎక్కడో మారిషస్‌లో ఉండేది. హైదర్ మాత్రం ఆ ఫలితం చూడకుండానే, ఆ డిసెంబరులో చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట దగ్గర తన శిబిరంలో కన్నుమూశాడు.

ఆటలో తుఫాను ఇలా ఒక్క రాత్రిలో రాకపోయినా, తన రేవులకు దూరంగా తిరిగే దళం ప్రతి నెలా అట్రిషన్ (క్రమంగా జరిగే నష్టం) వల్ల అరిగిపోతూనే ఉంటుంది. మరమ్మతు రేవులోకి చేరితేనే జరుగుతుంది. ఈ పాఠం నాకు ఊరకే రాలేదు. ఒకసారి పోర్చుగల్‌గా ఆడుతూ, మధ్యలో ఒక్క రేవు కూడా సంపాదించకుండా నా హెవీ షిప్‌లన్నింటినీ గుడ్‌హోప్ అగ్రం చుట్టి మలబారు తీరానికి పంపాను. అవి చేరేసరికి సగానికి సగం శిథిలమై, గుజరాత్ గ్యాలీల చేతిలో మునిగాయి. నిజమైన పోర్చుగీసువారు ఈ తప్పు చేయలేదు. 1498లో కాలికట్ చేరిన తరువాత, 1509లో దీవు యుద్ధం గెలిచి ఊరుకోకుండా, 1510లో గోవా, 1511లో మలక్కా, 1515లో హోర్ముజ్ చేజిక్కించుకున్నారు. తూర్పున వారి రాజ్యం పటంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఆ చుక్కలే లేకపోతే ఓడలు లేవు.

అపోహ: జలసంధిలో నౌకాదళాన్ని నిలిపితే శత్రుసైన్యం దాటలేదు.

ఇది సగమే నిజం కనుక ఎక్కువ ప్రమాదకరం. జలసంధికి రెండు ఒడ్డులూ శత్రువు అధీనంలోనే ఉంటే మన ఓడలు అడ్డంగా నిలిచినా అతను దాటిపోతాడు, కనీసం ఒక ఒడ్డునైనా మనం ఆక్రమించాలి. ఈ ఆట 1444 నవంబరు 11న మొదలవుతుంది, అంటే వార్నా యుద్ధం జరిగిన మరునాడు. ఆ యుద్ధానికి ముందు ఒట్టోమన్ సుల్తాన్ రెండో మురాద్‌ను ఆసియాలోనే ఆపాలని క్రైస్తవ నౌకాదళం జలసంధుల్లో కాపు కాసినా, అతను సైన్యంతో సహా ఐరోపాలోకి దాటి వచ్చాడు, వార్నాలో గెలిచాడు. మా బృందంలో చిన్నవాడొకడు వెనిస్‌గా ఆడుతూ, ఒట్టోమన్లు తన ఓడల కళ్లముందే దాటిపోవడం చూసి, "అన్నా, ఇదేందన్నా, నా ఓడలు ఆడ్నే ఉండాయి కదా!" అని నిర్ఘాంతపోయాడు. ఓడలు అక్కడే ఉన్నాయి, జలసంధి ఒడ్డునున్న గల్లిపోలి మాత్రం సుల్తాన్ దగ్గరే ఉంది.

అపోహ: లోతట్టు రాజ్యానికి నౌకాదళం దండగ ఖర్చు.

విజయనగరంగా ఆడేవారందరూ మొదట అనే మాట ఇది. విజయనగర సైన్యానికి వెన్నెముక వంటి గుర్రాలు అరేబియా, పర్షియా నుంచి ఓడల మీదే వచ్చేవి, 1510 తరువాత ఆ వ్యాపారం చాలావరకు గోవాలో కూర్చున్న పోర్చుగీసువారి చేతికి పోయింది. ఇంకా దగ్గరి ఉదాహరణ మా పక్కనే ఉంది. 1565 నాటి ఓటమి తరువాత రాజధాని పెనుకొండకు, ఆపై చంద్రగిరికి మారింది. 2022లో కొత్త జిల్లాగా ఏర్పడినప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన దుగరాజపట్నం దగ్గర, 1620లలో ఇంగ్లీషు కంపెనీ ఒక వర్తకశాల పెట్టుకుంది. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డేయే, 1639లో చంద్రగిరి రాజుల సామంతుడైన నాయకుని నుంచి మద్రాసు తీరంలో ఇసుక నేలను పొందాడు. అంత చిన్న తీరపు ముక్క ఇచ్చినంత మాత్రాన ఏమవుతుందని ఆనాడు అనుకోవడం సహజమే, ఓడలు లేని రాజ్యానికి ఆ ముక్క విలువ కనిపించదు. చంద్రగిరి కోటకు వెళ్లిన ప్రతిసారీ నాకు ఇదే గుర్తుకు వస్తుంది.

కాబట్టి విజయనగరంగా ఆడేటప్పుడు ఇంగ్లండ్‌తో పోటీపడే దళం కట్టనక్కరలేదు, కోరమండల్ వాణిజ్యాన్ని కాపాడే లైట్ షిప్‌లు (చిన్న, వేగమైన ఓడలు) కొన్ని చాలు. శాంతికాలంలో వాటిని వాణిజ్య రక్షణకు పంపితే తమ ఖర్చు తామే సంపాదిస్తాయి. ఈ ఆటలో వాణిజ్య ప్రవాహం దిశ మారదు, అది పడమటికే పోతుంది. మనం చేయగలిగింది దారిలో మన వాటా పెంచుకోవడమే. హెవీ షిప్‌లను మాత్రం యుద్ధం లేనప్పుడు రేవులో ఉంచి నిర్వహణ ఖర్చు తగ్గించుకోవడం మంచిది.

అపోహ: దిగ్బంధం కంటికి కనిపించని పని, దానివల్ల ఒరిగేది లేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో జట్లాండ్ దగ్గర బ్రిటన్ 14 ఓడలు, జర్మనీ 11 ఓడలు కోల్పోయాయి. లెక్క చూస్తే జర్మనీదే పైచేయి, అయినా జర్మన్ నౌకాదళం తిరిగి తన రేవులకే చేరింది, బ్రిటిష్ దిగ్బంధం అలాగే కొనసాగింది. రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన మరో ఆట హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4లో జపాన్‌గా ఆడేవారికి ఇంధన కొరత రూపంలో ఇదే తెలిసివస్తుంది. దిగ్బంధం శత్రువు యుద్ధశ్రమను (యుద్ధం వల్ల రాజ్యానికి కలిగే అలసటను) మెల్లగా పెంచుతుంది కనుక, మొదటి ఏడాదిలోనే ఫలితం కోరేవారికి నచ్చదు.

అపోహ: సముద్రం మనదైతే సైన్యాన్ని ఎక్కడైనా దించవచ్చు.

యూరోపా యూనివర్సాలిస్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఓడ ఒక రెజిమెంట్‌ను, అంటే వెయ్యిమందిని మోస్తుంది. ముప్ఫై వేల సైన్యాన్ని ఒకేసారి తరలించాలంటే ముప్ఫై ఓడలు కావాలి. పదిహేను ఓడలతో రెండు విడతలుగా దించుదామనే పొదుపు చాలామందికి తోస్తుంది. దిగుతున్న సైన్యానికి పోరాటంలో ఆట వేసే పాచికలో రెండు తగ్గుతుంది, దిగడానికే రోజులు పడతాయి, ఈలోగా శత్రువు ఎదురుగా వచ్చి నిలుస్తాడు. పక్కనే మిత్రరాజ్యం రేవు ఉంటే అక్కడ తీరిగ్గా దిగి, నడిచి వెళ్లడమే మేలు. పోయిన నెల ఆటలో ఇంగ్లండ్ తీసుకున్న మిత్రుడు, తన మిత్రరాజ్యమైన బ్రిటనీ రేవు తెరిచి ఉండగానే, దగ్గర కదా అని నేరుగా నార్మండీ మీద మొదటి పదిహేను వేలమందిని దించాడు. ఓడలు రెండో విడతను ఎక్కించుకుని తిరిగి వచ్చేసరికి, ఒడ్డున దింపుకోవడానికి ఎవరూ మిగల్లేదు.