విశాఖ బడుల్లో ఆ 10 మార్కులు ఎటు పోయాయి?

ఏడో తరగతి పిల్లాడికి చదవడం వచ్చో రాదో ఎలా తేల్చాలన్న వాదన విశాఖలో మళ్లీ రాజుకుంది. పరీక్షలు గట్టిగా పెట్టాలని తల్లిదండ్రులు అంటున్నారు. ఉన్న పరీక్షలకూ ఆన్‌లైన్ ఎంట్రీలకే రోజు సరిపోతోందని టీచర్లు అంటున్నారు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి రావడం, ఎనిమిది దాకా ఎవరినీ ఫెయిల్ చేయొద్దనడం అందరికీ తెలిసిన కథే. తప్పంతా ఆ నిబంధన మీదే వేసేవాళ్లు చాలామంది. నాకు మాత్రం అసలు మలుపు వేరే చోట కనిపిస్తుంది. అదే చట్టం 29వ సెక్షన్ అడిగిన నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఏడాది పొడుగునా పిల్లల్ని గమనిస్తూ అంచనా వేయడం, మన తరగతి గదుల్లోకి వచ్చిన తీరు చూడాలి. చదువు సాగుతుండగా మధ్యమధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షను నాలుగు భాగాలు చేశారు. పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పనులకు పదేసి మార్కులు, లఘు పరీక్షకు 20. తెలుగులో ఆ మొదటి 10 మార్కులు దేనికంటే, పిల్లలు ఒక పుస్తకమో పత్రికో చదివి దాని గురించి మాట్లాడటానికి. అంటే పిల్లాడు చదువుతుంటే మాస్టారు వినడానికి మన విధానంలోనే ఒక చోటు ఉండేది.

ఆ చోటు నిలవలేదు. నోరు విప్పాల్సిన దగ్గరికి నోటుబుక్కు వచ్చింది. ఒకరు రాసిన పుస్తక సమీక్షే తరగతి మొత్తం నోటుబుక్కుల్లోకి ఎక్కింది. టీచర్ల బద్ధకం అని తేల్చేయడం అన్యాయం. తరగతిలో 40 మంది ఉంటే, తలా మూడు నిమిషాలు విన్నా 120 నిమిషాలు, దాదాపు మూడు పీరియడ్లు. తనిఖీకి వచ్చినవారు అడిగేది రికార్డు. విన్నదానికి రికార్డు ఉండదు, రాసినదానికి ఉంటుంది.

గాజువాక వైపు ఒక బడిలో ఏడో తరగతి అబ్బాయి పక్కన కూర్చున్నాను. ‘వ్యవసాయదారుడు’ అన్న మాట దగ్గర ఆగి ‘వవసాయ...’ అని వదిలేశాడు. ఒత్తు వచ్చిన ప్రతిచోటా అంతే. పేరా కింద, వ్యవసాయదారుడు పొద్దున్నే ఎక్కడికి వెళ్లాడన్న ప్రశ్న, నాలుగు జవాబులు ఉన్నాయి. ప్రశ్నలోని మాట మీద వేలు పెట్టి, అలాంటి ఆకారమే పేరాలో వెతికి, ఆ వరుసలో ఉన్న ‘చెరువు గట్టు’కి టిక్కు పెట్టాడు. జవాబు సరైనదే. కథ చెప్పమంటే తల దించుకున్నాడు. అతని తర్వాత చదివిన అమ్మాయి ఇంట్లో ఒడియా మాట్లాడుతుంది. ప్రతి ఒత్తునూ కూడబలుక్కుంటూ చాలా నెమ్మదిగా చదివింది. కథ మాత్రం మొదటి నుంచి చివరి దాకా చెప్పింది.

ఆ అబ్బాయిని టిక్కుల పరీక్ష పట్టుకోలేదు. నిమిషానికి ఎన్ని పదాలని లెక్కపెడితే ఆ అమ్మాయికి అన్యాయం జరుగుతుంది. పైగా తెలుగులో ‘వెళ్లాలనుకుంటున్నాడు’ అన్నది ఒకే పదం. ఇంగ్లీషు కొలత తెచ్చి దీనికి పెడితే ఎలా సరిపోతుంది?

జిల్లా గణాంకాలు చూడమని అధికారులు అంటారు. పిల్లలు ఎంత నేర్చుకున్నారో చూడటానికి కేంద్రం పెట్టే నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే 2017 నవంబర్ 13న, 2021 నవంబర్ 12న జరిగింది. దాని స్థానంలో 2024 డిసెంబర్ 4న పరఖ్ సర్వే వచ్చింది. మూడూ జవాబు ఎంచుకునే పద్ధతివే. ముందు రెండింటిలో మూడు, ఐదు, ఎనిమిది తరగతులు (2021లో పదో తరగతి కూడా), తర్వాతిదానిలో మూడు, ఆరు, తొమ్మిది. వీటి మధ్యలో 2022 ఏప్రిల్ 4న జిల్లానే మూడు ముక్కలైంది. 2021 నాటి విశాఖలో పాడేరు, అరకు ఉన్నాయి, అనకాపల్లి ఉంది. ఇప్పటి విశాఖ భీమిలి, ఆనందపురం, పద్మనాభం, పెందుర్తి తీసేస్తే దాదాపు నగరమే. 2021 అంకెనూ 2024 అంకెనూ పక్కపక్కన పెట్టి పెరిగామనో తగ్గామనో చెప్పడం కుదరదు.

ఒక్కో పిల్లాడితో చదివించి వినేది అసర్ అనే సర్వే. 2005 నుంచీ ఉంది, కానీ పల్లెలకే. అందులో పై మెట్టు రెండో తరగతి పాఠం. దేశంలోని గ్రామాల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో దాన్ని చదవగలిగినవారు 2018లో సుమారు 73 శాతం, కొవిడ్ తర్వాత 2022లో సుమారు 70 శాతం. మిగతావాళ్ల పరిస్థితి తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. చదవగలిగిన ఆ 70 మందిలో ఏడో తరగతి సైన్సులో ‘కిరణజన్య సంయోగక్రియ’ పాఠం అందుకునేవారెందరో ఆ సర్వే చెప్పదు, దాని పని అది కాదు. 2022 మార్చిలో కేంద్రం తెలుగు సహా 20 భాషల్లో పిల్లలతో ఒక్కొక్కరిగా చదివించి విన్నది, అదీ మూడో తరగతిలోనే. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కల పునాది కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యమూ మూడుతోనే ఆగింది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో వాళ్ల స్థాయి పాఠం చదివించి వినేది వీటిలో ఏదీ లేదు.

ఇంగ్లీషు ఎంత వచ్చో చూసే టోఫెల్ పరీక్ష మన ప్రభుత్వ బడుల్లోకి 2023లో వచ్చి ఏడాదికే పోయింది. 2025-26లో అసెస్‌మెంట్ పుస్తకాలు వచ్చాయి, వాటిలోనూ పిల్లలు చేసేది రాయడమే. నేను మాట్లాడిన తెలుగు పండితులు కొత్త పరీక్ష అడగడం లేదు. టర్మ్ మొదట్లో మూడు పీరియడ్లు ఇవ్వమంటున్నారు, ఆ మూడు రోజులూ యాప్‌లో ఏదీ ఎక్కించమని అడగవద్దంటున్నారు. ఒక్కో పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, ఏ ఒత్తు దగ్గర ఆగిందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటామంటున్నారు.