కోవిడ్ ఎమర్జెన్సీ పోయింది, సిక్ లీవ్ పోలేదు: లాస్ ఏంజెలిస్ ఉద్యోగుల అపోహలు - వాస్తవాలు

లాస్ ఏంజెలిస్‌లో హెచ్‌ఆర్, పేరోల్ పని చేస్తాను. నగరంలో కోవిడ్ ఎమర్జెన్సీ ఎప్పుడో ఎత్తేశారు. అయినా ఒళ్లు కాలిపోతున్నా డ్యూటీకి వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. "ఇంటికెళ్లండి" అంటే "ఆ లీవులు ఇప్పుడు లేవు కదండీ" అంటారు. కొత్తగా వచ్చిన మనవాళ్లలో ఈ భయం మరీ ఎక్కువ. పోయింది ఏదో, మిగిలింది ఏదో తెలియక, చట్టం ఇస్తున్న జీతాన్ని చేతులారా వదులుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎమర్జెన్సీ అంతటా ఒకేసారి ముగిసింది, దాంతోపాటే అన్నీ ఆగిపోయాయి.

మొదలైంది మాత్రం ఒకేసారి. 2020 మార్చి 4న నగరం, కౌంటీ (మన జిల్లా లాంటిది), కాలిఫోర్నియా రాష్ట్రం మూడూ ఎమర్జెన్సీ ప్రకటించాయి. ఎత్తేసేటప్పుడు ఎవరి దారి వారిదే. నగరం 2023 ఫిబ్రవరి 1న, రాష్ట్రం అదే నెల 28న, కౌంటీ మార్చి 31న ముగించాయి. ఫెడరల్ ప్రభుత్వ ప్రజారోగ్య ఎమర్జెన్సీ మే 11 దాకా నడిచింది.

సెలవుల లెక్క ఇంకా చిక్కు. ఫెడరల్ చట్టం ఇచ్చిన 80 గంటల కోవిడ్ సెలవు 2020 ఏప్రిల్ 1న మొదలై ఆ ఏడాది చివరికే తప్పనిసరి కాకుండా పోయింది. పైగా అది 500 మంది లోపు ఉన్న కంపెనీలకే. తర్వాత 25 మందికి మించిన కంపెనీలకు రాష్ట్రం తన సెలవును 2021లో ఒకసారి, 2022లో మరోసారి పెట్టింది. ఆ రెండోది 2022 డిసెంబర్ 31న ముగిసింది. ఆ రోజుకు సెలవులో ఉన్నవాళ్లకు మిగిలిన గంటలు పూర్తి చేసుకునే వీలు కూడా చట్టంలోనే ఉంది. ఇక పెద్ద కంపెనీల కోసం, అంటే నగరంలో కనీసం 500 మంది లేదా దేశమంతటా కనీసం 2,000 మంది ఉన్నవాటి కోసం నగరం ఇచ్చిన కోవిడ్ సెలవు ఉత్తర్వు, నగర ఎమర్జెన్సీ ముగిశాక మరో రెండు వారాలు, 2023 ఫిబ్రవరి 15 వరకు అమల్లో ఉంది. కాబట్టి జనవరిలోనే "కోవిడ్ లీవ్ అయిపోయింది" అని అందరికీ ఒకే మెయిల్ పంపిన పెద్ద కంపెనీ ఏదైనా ఉంటే, అది తప్పు చెప్పినట్టే. మీ జీతంలో అప్పుడు కోత పడిందేమో, పాత పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు) తీసి చూసుకోండి. సిక్ లీవ్ రికార్డులను కంపెనీ కనీసం మూడేళ్లు దాచాలి.

అపోహ: కోవిడ్ సెలవు పోయింది కాబట్టి జబ్బు చేస్తే జీతం కోతే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. కోవిడ్ సెలవు మామూలు సిక్ లీవ్‌కు అదనంగా వచ్చింది, దాని స్థానంలో రాలేదు. కాలిఫోర్నియాలో జీతంతో కూడిన సిక్ లీవ్ 2015 జూలై 1 నుంచే ఉంది. మొదట ఏడాదికి 24 గంటలు లేదా 3 రోజులు ఉండేది. 2024 జనవరి 1 నుంచి అది 40 గంటలు లేదా 5 రోజులు అయింది. లాస్ ఏంజెలిస్ నగర పరిధిలో పనిచేసేవాళ్లకు నగర చట్టం 48 గంటలు ఇస్తోంది. రెండిట్లో ఉద్యోగికి ఏది ఎక్కువైతే అదే ఇవ్వాలి.

రోజుకు 8 గంటలు పనిచేసే మనిషికి రాష్ట్రం లెక్కలో 5 రోజులంటే 40 గంటలు. నగరం లెక్క 48. అతనికి 48 రావాలి. వారానికి నాలుగు రోజులు, రోజుకు 10 గంటల షిఫ్ట్ చేసే నర్సు సంగతి వేరు. ఆమెకు 5 రోజులంటే 50 గంటలు. గంటలు, రోజుల్లో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలని రాష్ట్ర చట్టం అంటోంది కాబట్టి ఆమెకు 50 రావాలి. అందరికీ 40 అని సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేసి ఊరుకునే చోట్ల, ఇలాంటి షిఫ్టులవాళ్లు ఏటా నష్టపోతుంటారు.

పార్ట్‌టైమ్‌వాళ్లకూ, తాత్కాలిక ఉద్యోగులకూ ఈ హక్కు ఉంది. ఒకే యజమాని దగ్గర ఏడాదిలో 30 రోజులు పనిచేస్తే చాలు, ప్రతి 30 గంటల పనికి ఒక గంట జమ అవుతుంది. చేరిన 90వ రోజు నుంచి వాడుకోవచ్చు. వీసా మీద ఉన్నామని వెనకాడనక్కర్లేదు, ఈ హక్కు పనిని బట్టే వస్తుంది.

అపోహ: మనకు జబ్బు చేస్తేనే సిక్ లీవ్ వాడుకోవాలి.

భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అత్తమామలు, తాతలు, అమ్మమ్మ, నానమ్మ, మనవలు, తోబుట్టువులు, వీళ్లలో ఎవరిని చూసుకోవడానికైనా వాడుకోవచ్చు. బావమరిది, తోడికోడలు రాష్ట్ర చట్టం జాబితాలో లేరు, నగర చట్టం మాత్రం కుటుంబంతో సమానంగా దగ్గరైన బంధువులనూ ఒప్పుకుంటుంది. రాష్ట్ర చట్టం కింద కూడా 2023 నుంచి మీరు ఎంచుకున్న ఒక వ్యక్తిని చేర్చుకోవచ్చు, రక్తసంబంధం అక్కర్లేదు. చెకప్‌లకూ, టీకాలకూ కూడా ఇదే సెలవు పనికొస్తుంది.

అపోహ: ఎమర్జెన్సీ లేదు కాబట్టి కోవిడ్ వచ్చినా పనికి రావాల్సిందే.

జ్వరం మందులు వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉండాలి, మిగతా లక్షణాలు తగ్గుముఖం పట్టాలి, అప్పటిదాకా ఇంట్లోనే ఉండమని రాష్ట్ర ఆరోగ్య శాఖ 2024 జనవరిలో చెప్పింది. అంతకుముందున్న 5 రోజుల లెక్క తీసేసింది. అయితే ఒకటి నిజంగానే పోయింది. పనిచోట కోవిడ్ సోకి ఇంటికి పంపిస్తే యజమాని విడిగా జీతం ఇవ్వాలన్న నిబంధన 2023 ఫిబ్రవరి 3 నుంచి లేదు. ఇప్పుడు ఆ రోజులకు జీతం మీ మామూలు సిక్ లీవ్ లోంచే రావాలి. అందుకే ఆ గంటలు ఎన్ని ఉన్నాయో ముందే తెలిసి ఉండటం అవసరం.

అపోహ: వాడని సిక్ లీవ్‌కు ఉద్యోగం మానేటప్పుడు డబ్బిస్తారు.

ఇవ్వరు. ఏడాదిలోపు అదే కంపెనీలో మళ్లీ చేరితే మాత్రం పాత గంటలు తిరిగి జమ చేయాలి. సిక్ లీవ్, వెకేషన్ కలిపి పీటీఓగా (జీతంతో కూడిన ఒకే సెలవుల ఖాతాగా) ఇచ్చే కంపెనీల్లో సంగతి వేరు, అక్కడ మిగిలింది లెక్కగట్టి చెల్లించాలి.

అపోహ: లీవ్ పెడితే హాజరులో పాయింట్లు పోతాయి.

హక్కుగా వచ్చిన సిక్ లీవ్‌ను గైర్హాజరు కింద లెక్కేసి చర్య తీసుకోవడం చట్టవిరుద్ధం. టెన్షన్ పడకుండా, ఏ తేదీన ఎన్ని గంటలు కావాలో రాతపూర్వకంగా అడగండి. మిగిలిన సిక్ లీవ్ గంటలు ప్రతి పే డే నాడు పే స్టబ్‌లో గానీ, విడిగా కాగితం మీద గానీ చూపించాలి. అవి కనపడకపోతే పేరోల్‌ను అడగండి. జవాబు రాకపోతే నగర వేతన ప్రమాణాల ఆఫీసుకు గానీ, రాష్ట్ర లేబర్ కమిషనర్‌కు గానీ ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లోపు ఉద్యోగంలోంచి తీసేసినా, డిమోట్ చేసినా అది కక్షసాధింపేనని రాష్ట్ర చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది యజమానే.