ఫొటో సెర్చ్‌కు మార్కులు: కీ తప్పైతే?

ఒక గుడి ఫొటో పెట్టి వెతికితే 10 ఫొటోలు వచ్చాయి. అందులో 8 ఆ గుడివే. ఫర్వాలేదు అనుకుంటాం. కానీ మొత్తం గుట్టలో ఆ గుడి ఫొటోలు 40 ఉంటే, మిగతా 32 ఏమైనట్టు? మొదటి లెక్క (10లో 8) పేరు ప్రెసిషన్, 80 శాతం. రెండోది (40లో 8) రీకాల్, 20 శాతమే.

ఈ కొలతలు ఫొటోల కోసం పుట్టలేదు. 1960ల్లో ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్‌లో సిరిల్ క్లెవర్డన్ 1400 పరిశోధన పత్రాల మీద పరీక్షలు పెట్టారు. పత్రాలు, ప్రశ్నలు, ఏ ప్రశ్నకు ఏ పత్రం సరైనదో ముందే రాసుకున్న కీ. ఇప్పటికీ నడుస్తున్నది ఆ పద్ధతే.

ఫొటోలకు కీ రాయడమే పెద్ద తలనొప్పి. అందుకే 1990ల్లో అందరూ ఒక అడ్డదారి పట్టారు. కోరెల్ కంపెనీ ఫొటో సీడీలు అమ్మేది. 800కు పైగా సీడీలు, ఒక్కోదాంట్లో దాదాపు ఒకే అంశం మీద 100 ఫొటోలు. అదే సీడీలోదైతే రైటు, వేరే సీడీలోదైతే తప్పు! ఒక సూర్యాస్తమయం పొరపాటున బీచ్‌ల సీడీలో ఉందా, దాని ఖర్మ. పైగా ఏ సీడీలు తీసుకోవాలో ఎవరిష్టం వాళ్లది. 2002లో హెనింగ్ ముల్లర్, మరో ఇద్దరు జెనీవా పరిశోధకులు ఈ గుట్టు విప్పారు. సిస్టమ్ మారకపోయినా, కొలతలు మారకపోయినా, ఫలితం మాత్రం ఎటు కావాలంటే అటు మారుతోంది.

2007లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బృందం ఫొటోలు పంచుకునే ఫ్లికర్ సైటు నుంచి 5062 ఫొటోలు తెచ్చి, తమ ఊళ్లోని 11 కట్టడాల మీద 55 ప్రశ్నలు పెట్టింది. కీ మనుషులే కూర్చుని రాశారు. కట్టడం పావు వంతు కూడా కనిపించకపోతే అది 'జంక్'. దొరికినా మార్కు లేదు, దొరక్కపోయినా కోత లేదు. నాకైతే ఇది న్యాయంగానే అనిపిస్తుంది. జవాబుల వరసకూ విలువ ఉంది. సరైన ఫొటోలు రెండే ఉండి, అవి 1, 2 స్థానాల్లో వస్తే పూర్తి మార్కు 1. అవే 5, 10 స్థానాల్లో వస్తే 0.2 (5లో 1, 10లో 2, వాటి సగటు). ఇలా అన్ని ప్రశ్నల సగటు తీస్తే అదే 'మ్యాప్' (మీన్ యావరేజ్ ప్రెసిషన్).

పదేళ్లు తిరిగేసరికి మార్కులు 90 శాతం దాటాయి. అప్పుడు, 2018లో, ఫిలిప్ రాదెనోవిచ్ తదితరులు కీ తిరగేస్తే తప్పులు బయటపడ్డాయి. కట్టడం ఉన్న ఫొటోలకు లేదని రాసి ఉంది. వాళ్లు కీ దిద్ది, ప్రశ్నలను 70కి పెంచి, సంబంధం లేని 10 లక్షల ఫొటోలను కలిపే ఏర్పాటూ చేశారు. కష్టమైన జవాబులనే లెక్కిస్తే పాత పరీక్షలో ర్యాంకులు కొట్టిన సిస్టమ్‌ల మార్కులు దబ్బున పడ్డాయి.

ఇంకో విచిత్రం. పాత పరీక్షలో ప్రశ్నగా ఇచ్చిన ఫొటో కూడా గుట్టలోనే ఉండేది. దాన్నే తిరిగి చూపించినా సరైన జవాబే. కొత్త పరీక్షలో ఆ 70 ఫొటోలనూ గుట్టలోంచి తీసేశారు.