మురుగునీటి ప్లాస్టిక్: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో మురుగునీటి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మొన్న సంతలో కూరలమ్మే పెద్దమ్మ అడిగింది: "ఏటమ్మా, కాలవ నీళ్లతో సంచులు సేత్తారట, నిజవేనా?" నిజమే. అయితే ఆమె అనుకున్నట్టు కాదు.

అపోహ: మురికినే గట్టిపరిచి ప్లాస్టిక్ చేస్తారు.

వాస్తవం: ఆ ప్లాస్టిక్ బ్యాక్టీరియా ఒంట్లో ఉంటుంది. పేరు పీహెచ్ఏ. ఈ కుటుంబంలో ఒకటైన పీహెచ్‌బీని 1926లోనే ఫ్రాన్స్‌లో మారిస్ లెమోయిన్ గుర్తించారు. పంట చేతికొచ్చినప్పుడు గాదె నింపుకున్నట్టు, తిండి దొరికినప్పుడు బ్యాక్టీరియా దీన్ని దాచుకుంటుంది.

దాచుకోవడం బాగా తెలిసిన బ్యాక్టీరియాను పెంచడమే మా పని. ముందు మురుగు శుద్ధిలో మిగిలే బురదను గాలి తగలకుండా పులియబెడతాం. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం లాంటివి పుడతాయి. ఆ పులుపు నీటిని గాలి కొట్టే ట్యాంకులో ఒక్కసారిగా పోసి, తర్వాత గంటల తరబడి పస్తు పెడతాం. నిల్వ ఉన్నవి తట్టుకుంటాయి, లేనివి వెనకబడతాయి. రోజూ ఇదే తంతు. అవి బాగా పెరిగాక, చివర్లో కడుపు నిండా పెట్టి, ఆ నిల్వ అరిగిపోకముందే తీసేస్తాం.

ఆ నిల్వను నల్లగా చూపే సూడాన్ బ్లాక్ రంగు వేసి మైక్రోస్కోపులో చూడాలి. పస్తు తర్వాత తీసిన స్లైడులో గులాబి కణాల మధ్య నల్ల చుక్క ఒకటీ అరా. తిండి పెట్టాక కణం నిండా నలుపే. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అపోహ: అందులో రోగక్రిములు ఉంటాయి.

వాస్తవం: కణాలను ఎండబెట్టి, ద్రావకాలతో పీహెచ్ఏని విడదీసి శుద్ధి చేస్తారు. అయినా అన్నం పళ్లేలకు నేను వద్దంటాను. పలాస జీడి నర్సరీల్లో మొక్కలు పెంచే సంచులకైతే చక్కగా సరిపోతుంది. సంచి చింపకుండా మొక్కతోపాటే గోతిలో పెట్టొచ్చు.

అపోహ: ఎక్కడ పడేసినా కరిగిపోతుంది.

వాస్తవం: కరగదు, సూక్ష్మజీవులు తినాలి. తడి, వెచ్చదనం ఉన్న మట్టిలో పలచటి పొరకు నెలలు పడుతుంది, మందంగా ఉంటే ఇంకా ఎక్కువ. 'బయో' అని అమ్మేవన్నీ పీహెచ్ఏ కూడా కాదు. మొక్కజొన్న లాంటి పంటల పిండి, చక్కెరలతో చేసే పీఎల్ఏ అయితే సుమారు 60 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు యూనిట్‌లోనే త్వరగా కుళ్లుతుంది. నాగావళిలోకి ఏది విసిరినా చెత్తే.

అపోహ: ఊరి మురుగుతో ఊరికి సరిపడా సంచులు.

వాస్తవం: లెక్క వేద్దాం. రోజుకు కోటి లీటర్ల మురుగు, లీటరుకు 400 మిల్లీగ్రాముల సీఓడీ (మురికిని పూర్తిగా ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) అనుకుంటే మొత్తం 4 టన్నులు. అందులో పదో వంతు, అంటే 400 కిలోల సీఓడీ, పీహెచ్‌బీగా మారితే సుమారు 240 కిలోలే; కిలో పీహెచ్‌బీకి దాదాపు 1.67 కిలోల సీఓడీ లెక్క. నెదర్లాండ్స్‌లో మునిసిపల్ ప్లాంటు బురదతో పైలట్ స్థాయిలో తీశారు కానీ, ధర ఇంకా మామూలు ప్లాస్టిక్ కంటే ఎక్కువే.

మన కాలవల్లో వాన నీళ్లు కలిసి మురుగు పలచబడుతుంది, ఆమ్లాలు తక్కువ వస్తాయి. నన్నడిగితే ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ధాన్యం నానబెట్టిన నీళ్లను ప్లాంటు బురదతో కలిపి పులియబెట్టడం దగ్గర మొదలుపెడతాను. అవి చిక్కగా ఉంటాయి, మిల్లు ఆడే రోజుల్లో ఒకే తీరుగా వస్తాయి.