సిన్సినాటి గద్ద పతకం: అపోహలు, వాస్తవాలు

అపోహ: ఇవి యుద్ధంలో సాహసానికి అమెరికా ప్రభుత్వం ఇచ్చిన పతకాలు.

వాస్తవం: కాదు. 1783 మే నెలలో, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ మీద పోరాడిన కాంటినెంటల్ సైన్యం అధికారులు తమలో తాము సొసైటీ ఆఫ్ ది సిన్సినాటి అనే సంఘం పెట్టుకున్నారు. దాని సభ్యత్వ చిహ్నమే గద్ద ఆకారంలోని ఈ పతకం. తండ్రి తరవాత పెద్దకొడుక్కి సభ్యత్వం దక్కేలా రాసుకున్నారు. సంఘం తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్.

అపోహ: అమెరికా జాతీయ పక్షిగా టర్కీ కోడిని పెట్టమని ఆ దేశ నేత బెంజమిన్ ఫ్రాంక్లిన్ కోరాడు.

వాస్తవం: అలా కోరలేదు. 1784 జనవరిలో కూతురికి రాసిన ఉత్తరంలో, ఈ పతకం మీది గద్ద టర్కీ కోడిలా కనిపిస్తోందన్న మాట ప్రస్తావించాడు. ఆయన అసలు అభ్యంతరం వారసత్వం మీద. గౌరవం దక్కితే కన్నవాళ్లకు దక్కాలి గానీ, ఏమీ చేయని పిల్లలకెందుకన్నాడు. ఈ పతకాలు సేకరించే నాకు కూడా ఆ వాదన సబబుగానే తోస్తుంది.

అపోహ: బంగారు గద్ద అయితే 1784 నాటిదే.

వాస్తవం: సేకరణకు కొత్తగా వచ్చేవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. తొలి గద్దలు ఫ్రెంచ్ ఇంజనీరు లాంఫాన్ గీసిన నమూనాతో పారిస్‌లో తయారయ్యాయి. తరవాత అమెరికా కంసాలులు కూడా తరతరాలుగా చేస్తూ వచ్చారు. అందుకే నేను బంగారం కన్నా ముందు, ఏళ్ల తరబడి వాడితే వచ్చే అరుగుదల చూస్తాను. రిబ్బన్ తగిలించే రింగు లోపలి అంచు అరిగిందా? ఎనామెల్ (లోహం మీద కరిగించి అతికించిన రంగు పూత) పెచ్చులూడిన చోట అంచులు మొద్దుబారాయా, పదునుగా ఉన్నాయా? అంతకన్నా ముఖ్యం, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పే కాగితాలు. వాషింగ్టన్ సొంత గద్దను ఆయన కుటుంబం 1824లో, ఆ యుద్ధంలో ఆయనతో కలిసి పోరాడిన ఫ్రెంచ్ సేనాని లఫాయెట్‌కు ఇచ్చింది. అది లఫాయెట్ వారసుల దగ్గరే ఉండిపోయి, 2007 వేలంలో 53 లక్షల డాలర్లు పలికింది. అది బంగారం తూకానికి వచ్చిన ధర కాదు.

అపోహ: తోమి మెరిపిస్తే విలువ పెరుగుతుంది.

వాస్తవం: ఇత్తడి చెంబులా చింతపండు పెట్టి తోమే వస్తువు కాదిది. మొదట్లో నేనొక లాయల్ లీజియన్ (అమెరికా అంతర్యుద్ధంలోని యూనియన్ సైన్యాధికారుల సంఘం) పతకాన్ని పాలిష్‌తో రుద్దాను. చెక్కిన అక్షరాల అంచులు పోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది. పాత రిబ్బన్ చిరిగినా మార్చకండి. సిన్సినాటి రిబ్బన్‌లోని లేత నీలం, తెలుపు ఫ్రాన్స్‌తో స్నేహానికి గుర్తు. వెలిసిపోయిన ఆ రంగే ఒక ఆధారం.

పతకాన్ని ఒకరికి, దానితో వచ్చిన ఉత్తరాన్ని ఇంకొకరికి విడదీసి అమ్మేవాళ్ల దగ్గర నేను కొనను.