చేని మీద మీగడ

చిరంజీవులు చిన్నికీ బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు. మేమిక్కడ క్షేమం.

మొన్న ఫోనులో చిన్ని అడిగింది: "వాన నీళ్లకు రంగు ఉండదు కదా తాతయ్యా, మరి మన చేను దాటి వంకలోకి పోయేటప్పుడు అంత ఎర్రగా ఎందుకున్నాయి?" రెండు మాటల్లో తేలే సంగతి కాదు కనుక కాగితం తీసుకున్నాను.

ఆ ఎరుపు మన చేనిదే తల్లీ. కాచిన పాలు రాత్రి పక్కన పెడితే పొద్దుటికి మీగడ కడుతుంది కదా. చేనుకూ అలాంటి మీగడ ఉంది. పైన జానెడు మట్టి, అంతే. రాలిన ఆకు, పేడ, పాత వేళ్లు అందులోనే కుళ్లి కలుస్తాయి. వేరుశనగ ఊడలు అందులోకే దిగి కాయలవుతాయి. దాని కింద గరుసు, ఇంకా కిందకు పోతే రాయి. పిల్లి వచ్చి మీగడ నాకిపోయినా గిన్నెలో పాలు పాలలాగే కనిపిస్తాయి. తోడేస్తే పెరుగూ అవుతుంది, చిలికితే మాత్రం వెన్న పడదు. మీగడ పోయిన చేను కూడా అంతే. విత్తనం మొలుస్తుంది, పచ్చగానే కనిపిస్తుంది, పీకి చూస్తే చెట్టుకు నాలుగు కాయలుంటాయి. పాలమీదైతే మర్నాటికి మళ్లీ కడుతుంది. చేనిమీద అంగుళం మందం కట్టడానికి వందల ఏళ్లు పడుతుంది.

మన అనంతపురం వైపు ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. తక్కువేనని అందరం అంటాం. అయినా లెక్క కట్టి చూడండి. ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే 40 వేల లీటర్లు. ఏడాది వానంతా కలిపితే ఎకరానికి దాదాపు 22 లక్షల లీటర్లు! అదంతా నిదానంగా పడి ఇంకితే మనకు కొదవేముంది? కానీ చాలా భాగం కొన్ని పెద్ద వానల్లోనే వచ్చిపడుతుంది. పెద్ద చినుకు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో బోడి నేలను కొడుతుంది. మట్టి చితికిపోయి, ఆ మెత్తని పొడి నేలలోని సన్నని సందులను పూడ్చేస్తుంది. ఇంకవలసిన నీళ్లు పల్లానికి పరుగెత్తుతూ మీగడను వెంట తీసుకుపోతాయి.

అందుకే మనం వాలుకు అడ్డంగా దున్నిస్తాం. ప్రతి నాగటిచాలూ నీళ్లను కాసేపు ఆపుతుంది. గట్టు మీద గడ్డి పీకవద్దంటే బుజ్జి అలిగాడు గుర్తుందా? గట్టును పట్టి ఉంచేది ఆ గడ్డి వేళ్లే నాయనా. కొందరు ఏటా గట్టును పక్కల చెక్కి ఇంకో సాలు విత్తుకుంటారు. ఒక సాలు కాయల కోసం చేనంతటి మీగడను వంకపాలు చేయడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. చేనును డబ్బిచ్చి కొనవచ్చు, ఆ మట్టిని మాత్రం మనలో ఎవరమూ తయారుచేయలేదు కదా.

పాలగిన్నెకు మూత పెట్టినట్టే చేనుకూ మూత ఉండాలి. వేరుశనగ వేళ్లతో సహా పీకే పంట. పీకాక నేల గుల్లబారి ఉంటుంది, సరిగ్గా అప్పుడే అక్టోబరు వానలు వస్తాయి. అందుకే సాళ్ల మధ్య కంది వేస్తాం. వేరుశనగ ఇంటికి చేరాక కూడా కంది సంక్రాంతి దాకా నిలబడి నీడనిస్తుంది, ఆకు రాలుస్తుంది. ఆ రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టనివ్వను.

నా చిన్నప్పుడు వేసవి సెలవులంటే చెరువుమట్టి తోలడమే. చెరువు ఎండి నెర్రెలు విచ్చగానే ఊళ్లో బండ్లన్నీ అక్కడే ఉండేవి. మా నాన్న పారతో ఎత్తి పోస్తుంటే నేను ఎద్దుల పగ్గాలు పట్టుకునేవాణ్ణి. తిరిగి వచ్చేటప్పుడు దారిపొడవునా ఈతపళ్లు! ఆ మట్టి పై చేలలోంచి కొట్టుకొచ్చిన మీగడే. ఊరందరిదీ చెరువులో చేరేది, వేసవిలో మళ్లీ ఎవరి చేనికి వారు తెచ్చుకునేవారు. కోతలయ్యాక గొర్రెల కాపరులను పిలిచి రాత్రిళ్లు చేనులో మంద పెట్టించేవాళ్లం, వారికి గింజలు కొలిచేవాళ్లం. పాలకు తోడు ఎంతో, మట్టికి ఆ పెంటికలు అంత. తర్వాత ఎరువుల బస్తాలు వచ్చాయి, బండ్లు పోయాయి, చెరువులు పూడాయి. 2015లో తెలంగాణలో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలై, పూడిక మట్టిని రైతులు మళ్లీ పొలాలకు తోలుకుంటున్నారని పేపర్లో చదివిన రోజు మీ అమ్మమ్మకు రెండుసార్లు వినిపించాను.

రాలిన ఆకు మట్టిగా ఎలా మారుతుందో కూడా రాయాలనుకున్నాను. చెంచాడు మంచి మట్టిలో కంటికి కనిపించని ప్రాణులు కోట్లలో ఉంటాయి. అవన్నీ చీకట్లో, చప్పుడు లేకుండా, ఎవరూ పురమాయించకుండా చేసే పని అది. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకది ఇంకా వింతగానే ఉంది.

ఈసారి వాన పడ్డప్పుడు రెండు గాజుగ్లాసులు తీసుకోండి. మీ బడి ఆటస్థలంలో గడ్డి లేనిచోట పారే నీళ్లు ఒకదానిలో, గడ్డి ఉన్నచోటినుంచి వచ్చేవి ఇంకోదానిలో పట్టండి. ఉరుములుంటే మాత్రం బయటికి వెళ్లవద్దు. రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున అడుగున పేరుకున్న మట్టిని స్కేలుతో కొలిచి, రెండు కొలతలూ పోస్టుకార్డు మీద రాసి పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య