ఒకే హెడర్ మీద రెండు పంపులు: ఏది ఎంత పోస్తోంది? అపోహలు - వాస్తవాలు

గచ్చిబౌలి, కొండాపూర్ వైపు పెద్ద అపార్ట్‌మెంట్ల పంపురూముల్లో తరచూ కనిపించే అమరిక: ఒకే మోడల్ పంపులు రెండు, రెండూ నీళ్లు పోసే ఒకే హెడర్ (ఉమ్మడి పైపు), దాని మీద ఒక్కటే ఫ్లో మీటరు.

అపోహ: మొత్తాన్ని రెండుతో భాగిస్తే సరి.
వాస్తవం: ఇంపెల్లర్లు (నీళ్లను తోసే చక్రాలు), వేర్ రింగులు (నీళ్లు లోపలే వెనక్కి కారకుండా ఆపే రింగులు) రెండింటిలోనూ ఒకేలా అరిగితేనే.

అపోహ: ఒకటి ఆపితే మీటరులో ఎంత తగ్గిందో అదే దాని వాటా.
వాస్తవం: రెండూ నడిస్తే గంటకు 105 వేల లీటర్లు, ఒకటే నడిస్తే 70 వేలు అనుకుందాం. తేడా 35 వేలు. పంపులు సమానమైతే ఒక్కోటి పోసింది 52,500! ఒకటి ఆగగానే లైన్లో రాపిడి తగ్గి, మిగిలింది ఎక్కువ పోస్తుంది.

అపోహ: ఆంప్స్ సమానమైతే ఫ్లో సమానం.
వాస్తవం: డెలివరీ వాల్వ్ పూర్తిగా మూసినా మోటరు కరెంటు లాగుతూనే ఉంటుంది. రింగు అరిగిన పంపు నీళ్లను లోపలే తిప్పుకుంటూ కరెంటు తింటుంది.

అపోహ: హెడర్ గేజ్ చాలు.
వాస్తవం: చాలదు. పంపుకూ ఎన్‌ఆర్‌వీకీ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్) మధ్య గేజ్ బిగించే ట్యాపింగ్ ఉండాలి, సక్షన్ (నీళ్లు పీల్చే) వైపు ఇంకొకటి. అవే గేజ్‌లను రెండో పంపుకు మార్చి చూడండి, గేజ్ తప్పు పోలికలో పోతుంది. రెండు గేజ్‌ల తేడా కేజీల్లో (చదరపు సెంటీమీటరుకు) వస్తే పదితో హెచ్చించి, గేజ్‌ల మధ్య ఎత్తు కలిపితే హెడ్ (పంపు నీళ్లను ఎత్తగల ఎత్తు) మీటర్లలో వస్తుంది. కంపెనీ ఇచ్చే హెడ్-ఫ్లో కర్వ్ మీద దాని ఎదురుగా ఉన్నదే ఫ్లో. ముందుగా వాల్వ్ మూసి, అర నిమిషం మించకుండా షటాఫ్ హెడ్ (ఫ్లో సున్నా ఉన్నప్పటి హెడ్) చూడండి. కంపెనీ కర్వ్ కన్నా 3 మీటర్లు తక్కువొస్తే కర్వ్‌ను కనీసం అంత కిందికి దించి చదవాలి. కర్వ్ బల్లపరుపుగా ఉన్నచోట ఒక్క మీటరు తప్పినా ఫ్లో చాలా తప్పుతుంది. అక్కడ కిలోవాట్లే దిక్కు: 367ను షాఫ్ట్ కిలోవాట్లతో (మోటరు పంపుకు అందించే పవర్), పంపు ఎఫిషియెన్సీతో (శాతంగా కాక దశాంశంగా) హెచ్చించి హెడ్‌తో భాగిస్తే గంటకు క్యూబిక్ మీటర్లు. వచ్చిన ఫ్లో దగ్గర ఎఫిషియెన్సీ మళ్లీ చూసి ఇంకోసారి లెక్కేయండి. అరిగిన పంపుకు ఇది కాస్త ఎక్కువే చూపిస్తుంది.

క్లాంప్‌ఆన్ అల్ట్రాసోనిక్ మీటరు (పైపు బయట బిగించేది) మేలే గానీ, దానికి ముందు పైపు వ్యాసానికి పది రెట్లు నేరు పైపు కావాలి. మన పంపురూముల్లో ఎల్బోకీ టీకీ మధ్య మూరెడు దొరికితే గొప్ప.

అపోహ: ఒక పంపును వీఎఫ్‌డీతో (మోటరు వేగం మార్చే పరికరం) 50 నుంచి 45 హెర్ట్జ్‌కు దించితే దాని ఫ్లో పది శాతమే తగ్గుతుంది.
వాస్తవం: హెడ్ వేగం వర్గంతో పడుతుంది. 50 మీటర్ల షటాఫ్ హెడ్ 40.5 అవుతుంది. పక్క పంపు హెడర్‌ను 42 దగ్గర పట్టి ఉంచితే దీని ఎన్‌ఆర్‌వీ తెరుచుకోదు, లోపలి నీళ్లు కాగుతాయి. సంప్ నీళ్లు తోడే పంపు కేసింగ్ చేతికి వేడిగా తగిలితే, ప్యానెల్ మీద పచ్చ లైటు వెలుగుతున్నా లాగ్‌బుక్‌లో దాని ఫ్లో సున్నా రాయండి.